నాలుగు టీములూ టార్గెట్ అందుకుంటున్నా ఫిర్యాదులు పెరుగుతున్నాయి: కంట్రోల్ బిగించాలా, వదలాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. నలభై మంది ఉన్న సర్వీస్ విభాగం మీ చేతికొచ్చి ఆరు నెలలైంది. ఫిర్యాదులు నమోదు చేసే టీము, లోపం ఏమిటో తేల్చే టీము, విడిభాగాలు చూసే టీము, వెళ్లి రిపేరు చేసే ఫీల్డు టీము. ప్రతి టీముకూ ఒక టార్గెట్, రోజూ రిపోర్టు, సోమవారం రివ్యూ. నాలుగు టీములూ టార్గెట్ అందుకుంటున్నాయి. అయినా కస్టమర్ల ఫిర్యాదులు పెరుగుతున్నాయి, పని ఆలస్యమవుతోంది. పైవాళ్లు కంట్రోల్ బిగించమంటున్నారు. సిస్టమ్స్ థింకింగ్ (ఒక్కో ముక్కను కాక, ముక్కలన్నీ కలిసి పనిచేసే తీరును చూసే పద్ధతి) గురించి మీరు చదివినవేమో మనుషులను స్వేచ్ఛగా వదిలేయమన్నట్టు ఉన్నాయి. ఏది చేయాలి?

సూటిగా చెప్తాను. రెండూ చేయకండి. మీ దగ్గర కంట్రోల్ తక్కువగా లేదు, ఎక్కువగానూ లేదు. ఉండాల్సిన చోట లేదు. మీరు టీముల లోపల కొలుస్తున్నారు, పని చెడుతున్నది టీముకీ టీముకీ మధ్య. ఆ మధ్యలో ఏం జరుగుతోందో చూపే కొలత మీరు రాసినదాంట్లో ఒక్కటీ కనిపించలేదు. ముందు దాన్ని పెట్టండి. అది లేకుండా బిగిస్తే ఫిర్యాదులు పెరుగుతాయి, వదిలేస్తే ఆ పెరుగుదల మీకు కనబడడం కూడా మానేస్తుంది.

నేను మొదట ఖర్చుల లెక్క చూసే కాస్టింగ్‌లో, తర్వాత ఆపరేషన్స్‌లో కలిపి ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేశాను. అందులో చూసినవే చెప్తున్నాను.

కంట్రోల్ అనగానే మనకు పట్టు, నిఘా గుర్తొస్తాయి. గణిత శాస్త్రవేత్త నార్బర్ట్ వీనర్ 1948లో అదుపు, సమాచారాల శాస్త్రానికి సైబర్నెటిక్స్ అని పేరు పెట్టడానికి తీసుకున్న గ్రీకు మాటకు అర్థం చుక్కాని పట్టేవాడు. చుక్కాని పట్టేవాడు తెడ్డు వేసేవాళ్ల చేతులు లెక్కపెడుతూ కూర్చోడు. పడవ ఎటు పోతోందో చూస్తాడు, దారి తప్పితే కొంచెం తిప్పుతాడు, తిప్పినదానికి పడవ ఎలా స్పందించిందో మళ్లీ చూస్తాడు. ఎక్కడికి పోవాలో తెలియడం, ఇప్పుడెక్కడున్నామో కొలవడం, రెంటినీ పోల్చడం, తేడాను బట్టి దిద్దడం. ఈ నాలుగూ ఒక చుట్టులా కలిస్తేనే అది కంట్రోల్. చాలా ఆఫీసుల్లో మొదటి మూడూ ఘనంగా ఉంటాయి. నాలుగోది మాత్రం "ఎందుకు తగ్గిందో వివరణ రాసి పంపండి" దగ్గర ఆగిపోతుంది. వివరణ వస్తుంది, ఫైల్లోకి పోతుంది, పని నిన్నటిలాగే నడుస్తుంది. మీ సోమవారం రివ్యూల్లో గత పది వారాల్లో తీసుకున్న నిర్ణయాలు ఒక కాగితం మీద రాయండి. వాటిలో పని జరిగే తీరును మార్చినవి ఎన్నో చూడండి. ఒకటో రెండో ఉంటే మీది మంచి రివ్యూ కిందే లెక్క.

టార్గెట్ అందుతోందంటే పని అవుతోందని కాదు

నేను పనిచేసిన ఒక చోట ఫిర్యాదును 48 గంటల్లో ముగించాలని నిబంధన ఉండేది. నెల నెలా దాదాపు అన్నీ గడువులోపే ముగిసేవి. అయినా కస్టమర్లు మండిపడుతుండేవాళ్లు. విషయం అర్థం కాక ఒక రోజంతా ఆ డెస్కు పక్కన కూర్చున్నాను. గడువుకు రెండు గంటల ముందు ఫిర్యాదును "కస్టమర్ అందుబాటులో లేరు" అని ముగించేవాళ్లు. కస్టమర్ మళ్లీ ఫోన్ చేస్తే కొత్త నంబరుతో ఇంకో ఫిర్యాదు తెరిచేవాళ్లు. ఒకే సమస్య, ముగించిన ఫిర్యాదులు రెండు. సమస్య ఎంత ఎక్కువ కాలం సాగితే టీము లెక్క అంత బాగుండేది.

అక్కడున్న అమ్మాయిని కోప్పడాలని నాకు అనిపించలేదు. ఆమె చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. "సార్, పార్టు వచ్చేది నాలుగో రోజు. రెండో రోజుకే ముగించమంటే నేనేం చేయాలి?" ఆమె చేతిలో లేనిదానికి ఆమెను కొలుస్తున్నాం. చేతిలో ఉన్నది ఆ ఒక్క బటన్. దాన్నే నొక్కింది.

బ్రిటన్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ ఈ సంగతే గమనించారు. ఒక గణాంకం మీద నియంత్రణ కోసం ఒత్తిడి పెట్టగానే, అంతవరకు నమ్మకంగా కనిపించిన సంబంధం కూలిపోతుందని. బ్యాంకులకైనా మన డెస్కుకైనా కారణం ఒకటే. మామూలుగా ఉన్నప్పుడు "ముగించిన ఫిర్యాదు" అనేది "తీరిన సమస్య"కు గుర్తు. దానికి ఇన్సెంటివ్ కట్టగానే సమస్య తీర్చకుండానే ఆ గుర్తును సంపాదించే దారులు మనుషులకు కనిపిస్తాయి. ఇందులో మోసం కంటే అవసరం ఎక్కువ.

మీ ఫిర్యాదుల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడం కష్టం కాదు. ఒకే కస్టమర్, ఒకే వస్తువు, 30 రోజుల్లోపు రెండోసారి వచ్చిన ఫిర్యాదులను విడదీయండి. మీరు అడిగిన ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంటుందని నా అంచనా.

ఆలస్యం మనుషుల్లో లేదు, వరసలో ఉంది

1961లో అమెరికా పరిశోధకుడు జాన్ లిటిల్ నిరూపించిన చిన్న సూత్రం ఒకటి ఉంది. పని వచ్చే వేగం, ముగిసే వేగం దాదాపు సమానంగా ఉన్న చోట, లోపల ఉన్న పనుల సంఖ్యను రోజుకు ముగిసే సంఖ్యతో భాగిస్తే ఒక్కో పనికి సగటున పట్టే రోజులు వస్తాయి. మీ విభాగంలో 300 ఫిర్యాదులు తెరిచి ఉండి, రోజుకు 20 తీరుతుంటే, సగటున ఒక్కోదానికి 15 రోజులు. మీరు రోజూ ఫోన్ చేసి అడిగినా 15 రోజులే. ఒక ఫిర్యాదును తోసి ముందుకు తెస్తే దాని వెనక ఇంకొకటి ఆగుతుంది, సగటు కదలదు. ఎస్కలేషన్ అనే పద్ధతి చాలాచోట్ల చేసేది ఇదే. గట్టిగా అరిచిన కస్టమర్ ముందుకొస్తాడు, ఓపిక ఉన్నవాడు వెనక్కి పోతాడు. తర్వాతి వారం ఓపికున్నవాడు కూడా అరవడం నేర్చుకుంటాడు.

దీనికి తోడు, అందరూ ఎప్పుడూ బిజీగా ఉండాలన్న పట్టుదల ఉంటుంది. కాస్టింగ్ నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి ఖాళీగా కూర్చున్న మనిషిని చూస్తే నాకు ఖర్చే కనిపించేది. చాలా ఏళ్లు అలాగే ఆలోచించాను. అది తప్పు. పని ఎప్పుడొస్తుందో, ఒక్కోదానికి ఎంతసేపు పడుతుందో ముందుగా తెలియని చోట, ఒకే మనిషి ఉన్న సాదా క్యూ లెక్క ఇలా ఉంటుంది. అతను 80 శాతం సమయం బిజీగా ఉంటే, వచ్చిన పని సగటున తనకు పట్టే సమయానికి 4 రెట్లు క్యూలో ఆగుతుంది. 90 శాతమైతే 9 రెట్లు. 95 శాతమైతే 19 రెట్లు. చివరి ఆ కాస్త ఖాళీని పిండుకుందామని చూస్తే కస్టమర్ ఎదురుచూపు రెట్టింపు దాటుతుంది. నిజమైన విభాగంలో అంకెలు వేరుగా ఉంటాయి, గీత వంపు మాత్రం అదే. మీ లోపం తేల్చే టీములో అనుభవజ్ఞులు ఇద్దరో ముగ్గురో ఉండి, వాళ్లు రోజంతా తల ఎత్తకుండా పనిచేస్తుంటే, అది మెచ్చుకోవాల్సిన విషయం కాదు. పని ఆగిపోయే ఇరుకు అక్కడే ఉండొచ్చు.

ప్రతి అంకెకూ స్పందించకండి

రివ్యూ మీటింగుల్లో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను.

మళ్లీ చేయాల్సి వచ్చిన రిపేర్లు వారానికి ఇలా ఉన్నాయనుకోండి: 42, 38, 47, 40, 51, 44, 39, 46, 43, 40. అయిదో వారం 51 చూడగానే మీటింగు వేడెక్కుతుంది. అందరికీ టెన్షన్. రెండు వారాల తర్వాత 39కి దిగుతుంది. "చూశారా, గట్టిగా మాట్లాడితే దారికొచ్చింది" అనుకుంటాం. ఇప్పుడు లెక్క చేద్దాం. పది వారాల సగటు 43. పక్కపక్క వారాల మధ్య తేడాలు 4, 9, 7, 11, 7, 5, 7, 3, 3. వాటి సగటు సుమారు 6.2. దాన్ని ఈ లెక్కలో వాడే స్థిర సంఖ్య 2.66తో గుణిస్తే దాదాపు 16.5. సగటుకు అటూ ఇటూ అంత దూరం తీసుకుంటే 26 నుంచి 60 వరకు. అంటే, ఈ పని ఇప్పుడు జరుగుతున్న తీరులో ఏ వారమైనా 26కీ 60కీ మధ్య ఎక్కడైనా పడొచ్చు. 51కి ప్రత్యేకమైన కారణమేదీ లేదు. 39కి మీ కోపం కారణం కాదు.

1924లో అమెరికా ఇంజినీరు వాల్టర్ షూహార్ట్ ఫ్యాక్టరీ నాణ్యత కోసం గీసిన కంట్రోల్ చార్టు నుంచి వచ్చిన పద్ధతి ఇది. కావాల్సింది ఒక కాగితం, పది అంకెలు. హద్దు దాటిన అంకె వస్తే, ఆ వారం ఏం జరిగిందో తప్పకుండా వెతకండి. హద్దు లోపల ఉన్నప్పుడు "ఈ వారం ఎందుకు పెరిగింది" అనే ప్రశ్నకు నిజమైన జవాబు ఉండదు, కాబట్టి కల్పించిన జవాబు వస్తుంది. అడగాల్సింది "అసలు మన సగటు 43 ఎందుకు" అని. దానికి జవాబు ఆ వారం పనిచేసినవాళ్ల దగ్గర కాకుండా విడిభాగాల నాణ్యతలోనో, శిక్షణలోనో, లోపం రాసే ఫారంలోనో ఉంటుంది.

నాణ్యత నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ తన తరగతుల్లో ఒక గరాటు ప్రయోగం చేయించేవారు. గరాటులోంచి గోలీని గురి మీదకు వదులుతారు. గోలీ ఎంత పక్కకు పడితే గరాటును ప్రతిసారీ అంత దూరం ఎదురువైపుకు జరుపుతారు. దిద్దుతున్నాం కదా, గురి కుదరాలి. కుదరదు. గరాటును కదపకుండా ఉంచినప్పటికంటే గోలీలు ఇంకా దూరం దూరంగా చెదురుతాయి. ప్రతి సోమవారం కొత్త సూచన ఇచ్చే రివ్యూ ఆ గరాటు లాంటిదే.

సమాచారం ఆలస్యంగా వస్తే మంచి నిర్ణయం కూడా నష్టమే

మీ విడిభాగాల టీము గురించి ఒక మాట. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జే ఫారెస్టర్ బృందం నుంచి వచ్చిన బీర్ గేమ్ అనే ఆట ఉంది. చిల్లర వ్యాపారి, టోకు వ్యాపారి, పంపిణీదారు, ఫ్యాక్టరీ అని నలుగురు ఒక వరసలో కూర్చుంటారు. ఎవరికీ పక్కవాడు పంపిన ఆర్డరు తప్ప ఇంకేమీ కనబడదు. ఆర్డరు పెట్టినా సరుకు రావడానికి వారాలు పడుతుంది. కస్టమర్ గిరాకీ ఒకే ఒక్కసారి, వారానికి 4 నుంచి 8కి మారి అక్కడే నిలిచిపోతుంది. నేను ఈ ఆటను చాలా బ్యాచ్‌లతో ఆడించాను. ప్రతిసారీ మొదట సరుకు కొరత, తర్వాత కంగారు ఆర్డర్లు, ఆ తర్వాత గుట్టలుగా నిల్వలు. ఆట అయ్యాక ప్రతి ఒక్కరూ పక్కవాడిదే తప్పంటారు. కస్టమర్ ఎంత అడిగాడని ఊహిస్తున్నారో రాయమంటే ఎగుడుదిగుడు గీతలు గీస్తారు. అసలు గీత చూపిస్తే కాసేపు ఎవరూ మాట్లాడరు. నలుగురూ తెలివిగానే ఆడారు. ఆ తెలివికి కావాల్సిన సమాచారం వాళ్ల దగ్గర లేదు.

మీ ఫీల్డువాళ్లు "ఈ పార్టు ఎప్పుడూ దొరకదు" అని ఒకటికి రెండు అడిగి దాచుకుంటున్నారేమో కనుక్కోండి. దాచుకుంటుంటే విడిభాగాల టీముకు కనిపించే గిరాకీ నిజం కాదు. వాళ్లు దాన్ని నమ్మి ఆర్డరు పెడతారు, లేదా నమ్మక కోత పెడతారు. కోత పెడితే దాచుకోవడం ఇంకా పెరుగుతుంది. ఈ చుట్టును నిబంధనలతో తెంచలేరు. ఫీల్డువాళ్లకు స్టాకు కనబడేలా చేస్తే అదే సడలుతుంది.

నిర్ణయం ఎవరి దగ్గర ఉండాలి

సైబర్నెటిక్స్ మీద పనిచేసిన రాస్ యాష్‌బీ 1956లో చెప్పిన నియమం నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. వచ్చే ఆటంకాలు ఎన్ని రకాలో, అదుపు చేసేవాడి దగ్గర అన్ని రకాల స్పందనలు ఉండాలి. లేకపోతే అదుపు సాధ్యం కాదు. మీ ఫీల్డు మనిషికి రోజుకు పది రకాల పరిస్థితులు ఎదురవుతాయి. మీ దగ్గర ఉన్న స్పందనలు మెచ్చుకోవడం, మందలించడం, ఒక సర్క్యులర్. మూడింటితో పదింటిని అదుపు చేయడం మీ సామర్థ్యానికి సంబంధించిన విషయం కాదు, లెక్కే కుదరదు. కాబట్టి చిన్న నిర్ణయాలు ఆ పరిస్థితి ఎదురైన చోటే జరగాలి. కస్టమర్ దగ్గర నిలబడి ఉన్నవాడు పార్టు మార్చాలా వద్దా అన్నదానికి ఆఫీసు అనుమతి కోసం ఆగుతుంటే ముందు దాన్ని మార్చండి.

అనుమతులు పెంచితే జాగ్రత్త పెరుగుతుందనుకుంటాం. ఒక కంపెనీలో పెద్ద కొనుగోలుకు ఏడు సంతకాలు కావాల్సి వచ్చేది. కొలతలు తప్పుగా రాసిన ఒక ఆర్డరు ఏడూ దాటి వెళ్లి, సరుకు వచ్చాక బిగించబోతే తెలిసింది. నేను ఏడుగురితోనూ విడివిడిగా మాట్లాడాను. మొదటివాళ్లు పైన ఇంకా చూస్తారుగా అనుకున్నారు, పైవాళ్లు కింద చూసే పంపారుగా అనుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు. తర్వాత సంతకాలను రెండుకు తగ్గించాం. ఒకటి డబ్బుకు బాధ్యుడిది, ఇంకోటి ఆ వస్తువును వాడబోయే మనిషిది. నేను అక్కడున్నంత కాలం అలాంటి తప్పు మళ్లీ జరగలేదు.

ఇవి పనికిరాని చోట్లూ ఉన్నాయి

ప్రాణాలకు ముప్పున్న పని, నగదు, చట్టం తప్పనిసరి చేసినవి. ఇక్కడ గట్టి హద్దులు, రెండో మనిషి తనిఖీ ఉండాల్సిందే. వాటిని సిస్టమ్స్ థింకింగ్ పేరుతో సడలించకండి. హార్వర్డ్‌లో పనిచేసిన రాబర్ట్ సైమన్స్ 1995లో కంట్రోల్‌ను నాలుగు మీటలుగా విడదీశారు: నమ్మే విలువలు, దాటకూడని హద్దులు, ఫలితాలను గమనించే కొలతలు, పైవాళ్లూ కిందివాళ్లూ కూర్చుని మాట్లాడుకునే పద్ధతి. మీ దగ్గర మూడోది ఒక్కటే నలిగిపోయేదాకా వాడుతున్నారని నాకనిపిస్తోంది.

ఇంకొకటి. "తప్పు సిస్టమ్‌ది" అనే మాట సాకుగా మారడం కూడా చూశాను. పదే పదే నిర్లక్ష్యం చేసే మనిషి ఉంటే, అతనితో నేరుగా మాట్లాడాల్సింది మీరే. కాకపోతే అదే కుర్చీలో మనిషి మారినా అదే తప్పు వస్తోందా అని ముందు చూడండి. వస్తుంటే కుర్చీని పరిశీలించండి.

ఇప్పుడు ఏం చేయాలంటే

పైవాళ్ల రిపోర్టును ఆపకండి. దానితో గొడవ పడితే మీ శక్తంతా అక్కడే పోతుంది. అది అలాగే నడుస్తూ ఉండగా, ఇటీవల ముగిసిన ఇరవై ఫిర్యాదులను వరసగా తీసుకోండి, ఏరకండి. ఒక్కోదాన్ని కస్టమర్ మొదటి ఫోన్ నుంచి, సమస్య తీరిందని కస్టమర్ స్వయంగా చెప్పేదాకా అడుగడుగునా చూసుకుంటూ వెళ్లండి. ఎవరి దగ్గర ఎంతసేపు పని జరిగింది, ఎక్కడ ఎన్ని రోజులు ఆగింది అని రెండు వరసల్లో రాయండి. నేను ఇలా చేసిన ఒక విభాగంలో ఒక ఫిర్యాదు మీద పని జరిగింది మూడు గంటలు, అది ఆగి ఉన్నది పదకొండు రోజులు. ఆ ఒక్క కాగితం మా డైరెక్టర్ ముందు పెట్టాను. సిస్టమ్స్ థింకింగ్ అనే మాటే ఎత్తలేదు. "ఈ పదకొండు రోజులు ఎవరివి?" అని ఆయనే అడిగారు. ఎవరివీ కావు. అదే సమస్య.

తర్వాత రెండు కొలతలు మొదలుపెట్టండి. మొదటి ఫోన్ నుంచి సమస్య తీరేదాకా పట్టిన రోజులు, 30 రోజుల్లో తిరిగొచ్చిన ఫిర్యాదులు. రెండూ నాలుగు టీములకూ ఉమ్మడి. వీటికి టార్గెట్ పెట్టకండి, ఇన్సెంటివ్ కట్టకండి. కడితే ఆ డెస్కు దగ్గర జరిగిందే మళ్లీ జరుగుతుంది. ఎనిమిది పది వారాలు చార్టులో గీస్తూ, ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, గీత కదిలిందో లేదో చూడండి. సోమవారం మీటింగుకు టీము లీడర్లతో పాటు పని చేతులు మారే చోట ఉన్న ఇద్దరిని పిలవండి, ముందు వాళ్లను మాట్లాడనివ్వండి.

ఆ ఇరవై ఫిర్యాదులు చూశాక ఏ రెండు టీముల మధ్య ఎక్కువ రోజులు ఆగాయో ఇక్కడే రాయండి. మీ స్థానంలో ఉంటే నేను మొదట లోపం తేల్చే టీముకూ విడిభాగాల టీముకూ మధ్య వెతికేవాణ్ణి. లోపం తప్పుగా రాస్తే తప్పు పార్టు వెళ్తుంది, ఫీల్డు మనిషి ఉత్త చేతులతో తిరిగొస్తాడు. అయినా ఆ రోజు మూడు టీముల టార్గెట్లూ అందినట్టే నమోదవుతాయి.